పటంలో చుక్కలు పెట్టిన చోటు

రాజనీతిశాస్త్రం చెప్పడానికి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కొత్తగా చేరిన ఇద్దరు మొన్న నల్లగొండలో మా ఇంటికి వచ్చారు. "సార్, మీ అనుభవం జర చెప్పుండ్రి, మాకు పనికొస్తది" అని అడిగారు. చాయ్ తాగినంత సేపూ నేను వాళ్లకు బదిలీల గురించీ, తనిఖీలకు ఫైళ్లు సర్దడం గురించీ చెప్పాను. వాళ్లు వెళ్లిపోయాక నా మీద నాకే కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి చెప్పడానికి దొరికింది ఇదేనా అనిపించింది.

అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల ఊసు ఉండదు. ఎక్కడో నల్లసముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ మధ్య ఉన్న ఒక కొండ ప్రాంతం, దాని కోసం జరిగిన యుద్ధం, ఆ యుద్ధం గురించి ఒక తండ్రికి నేను చెప్పిన తప్పుడు మాట, ఇవే ఉంటాయి. మన ఉద్యోగం అసలు ఏమిటో నాకు తెలిసొచ్చింది ఆ మాట వల్లే.

నరసయ్య సార్ ఎర్ర పెన్సిల్

నేను ఉద్యోగంలో చేరేనాటికి సోవియట్ యూనియన్ విడిపోయి ఎన్నాళ్లో కాలేదు. నల్లగొండ కాలేజీలో మా డిపార్ట్‌మెంటు గోడకు గుడ్డ మీద అచ్చేసిన పెద్ద ప్రపంచ పటం ఉండేది. అందులో సోవియట్ యూనియన్ ఇంకా ఒకే గులాబీ రంగులో సగం గోడ ఆక్రమించుకుని ఉంది. కొత్త పటం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మా హెడ్ నరసయ్య సార్‌కు ఓపిక తక్కువ. ఒక మధ్యాహ్నం పేపర్లో వచ్చిన చిన్న పటం కత్తిరించి పట్టుకుని, స్టూలెక్కి, ఎర్ర పెన్సిల్‌తో పదిహేను దేశాలూ తానే గీయడం మొదలుపెట్టారు. స్టూలు కదలకుండా పట్టుకోవడం నా డ్యూటీ.

ఆర్మేనియా గీశారు. అజర్‌బైజాన్ గీశారు. ఆ తర్వాత పెన్సిల్ ఆగిపోయింది.

"గీ కొండల జాగ ఉన్నది చూడు, నాగోర్నో కరబాఖ్ అంటరు. సోవియట్ సర్కారు దీన్ని అజర్‌బైజాన్ కింద పెట్టింది. ఉండేటోళ్లల్ల ఎక్కువమంది ఆర్మేనియన్లు. ఇప్పుడు ఇద్దరు కొట్లాడుతున్నరు. గీత యాడ గియ్యాలె?" అన్నారు.

నేను యూనివర్సిటీ నుంచి అప్పుడే వచ్చాను, మంచి వేడి మీద ఉన్నాను. "చట్టం ప్రకారం అజర్‌బైజాన్‌దే కద సార్, గీసెయ్యుండ్రి" అన్నాను.

"చట్టం నాకు గుడ తెలుసు. రేపేమైతదో తెల్వదు. తెల్వని కాడ చుక్కలు పెట్టాలె" అని ఆ ప్రాంతం చుట్టూ ఎర్రటి చుక్కలు పెట్టి దిగిపోయారు.

స్టాఫ్‌రూములో ఈ సంగతి చెప్పి నేను బాగానే నవ్వించాను. హెడ్ సార్‌కు గీత గీయడం చేతకాక ముగ్గు పెట్టారన్నాను. ఆ మాట ఆయన చెవిన పడే ఉంటుంది. కొన్నేళ్లకు రిటైరై వెళ్లిపోయారు. పటం మాత్రం ఆ గోడకే ఉంది.

బిట్ల సార్

మధ్యలో పాలమూరులో కొన్నేళ్లు చేసి, తెలంగాణ వచ్చాక మళ్లీ నల్లగొండకే వచ్చాను. అప్పటికి నా పేరు మారిపోయింది. పిల్లలు నన్ను బిట్ల సార్ అనేవారు. గ్రూప్స్ నోటిఫికేషన్ల కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురు చూసే పిల్లలకు సాయంత్రాలు కరెంట్ అఫైర్స్ చెప్పేవాణ్ని. ప్రపంచంలో ఏ కూటమి పేరు చెప్పినా ఎప్పుడు పుట్టింది, ఆఫీసు ఏ నగరంలో ఉంది, సభ్యులెవరు అన్నది నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాణ్ని. రష్యా పెద్దగా, ఆర్మేనియా కూడా ఒక సభ్యురాలిగా ఉన్న ఆరు దేశాల రక్షణ ఒప్పందం నాకు మరీ ఇష్టమైన బిట్. దాని నాలుగో అధికరణం ఒక్క ముక్కలో ఇదీ: ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే. ఆ బిట్ ఒకసారి పరీక్షలో వచ్చింది. పిల్లలు స్వీట్ డబ్బాతో ఇంటికి వచ్చారు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

నేను బిట్లను తిట్టడం లేదు. వాన మీద బతికే ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు సర్కారు ఉద్యోగం ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ ఈ పద్ధతి పిల్లల కంటే ముందు సారును పాడు చేస్తుంది. నాలుగు ఆప్షన్లలో 'తెలియదు' అనేది ఎప్పుడూ ఉండదు. ఏళ్ల తరబడి ఆ నాలుగింటి మధ్యే తిరిగితే, ప్రతి ప్రశ్నకూ మన దగ్గర జవాబు ఉందనే నమ్మకం కలుగుతుంది. ఒప్పందం కాగితం మీద ఉంటే లోకంలో కూడా ఉన్నట్టే అనుకుంటాం. నేను అచ్చంగా అలాగే అనుకున్నాను.

మర్రిగూడ నుంచి వచ్చిన మనిషి

బిక్షపతిది మర్రిగూడ పక్క ఊరు. చేనేత పని. ఆయన కొడుకు మా కాలేజీలో చదివాడు, ఆ పరిచయంతో ఒకరోజు కూతురు విషయం మాట్లాడటానికి వచ్చాడు. బిడ్డ పేరు శ్రావణి. నీట్‌లో ఇక్కడ సీటు రాలేదు, ఆర్మేనియాలో డాక్టరీ చదువుతానంటోంది. ఏజెంట్ ఇచ్చిన రంగుల కాగితం చేతిలో పట్టుకుని, "సార్, గిది యాడుంటది? జర చూపియ్యుండ్రి" అన్నాడు.

పటం దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. నేతపనివాడి చూపు కదా, అందరూ చూసే పెద్ద దేశాలను వదిలేసి సరాసరి చిన్న తేడా మీదికే పోయింది.

"గీడ గీత లేదేంది సార్? చుక్కలున్నయి?"

"అదేదో పాత పంచాయితీ. ఎప్పుడో సల్లబడ్డది. నువ్వేం ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆయన నెత్తూపి వెళ్లిపోయాడు. శ్రావణి ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో చేరింది.

పాత పంచాయితీ అన్నాను గానీ, దాని లోతు ఎంతో నాకు అప్పటికి ఏమీ తెలియదు. సోవియట్ పోయాక జరిగిన మొదటి యుద్ధంలో ఆర్మేనియన్లు గెలిచి, ఆ కొండలతో పాటు చుట్టుపక్కల జిల్లాలు కూడా పట్టుకున్నారు. అక్కడున్న అజర్‌బైజానీలు లక్షల్లో ఇళ్లు వదిలి పోయారు. ఇందులో ఏదీ బిట్‌గా రాలేదు కాబట్టి నేను చదవలేదు.

నాలుగో అధికరణం

రెండువేల ఇరవై, కరోనా ఏడాది. కాలేజీ మూసి ఉంది, ఫోన్లో పాఠాలు చెబుతున్నాను. దసరా దగ్గర పడుతుండగా బిక్షపతి ఫోన్ చేశాడు.

"సార్, బిడ్డ ఉన్న కాడ యుద్ధం అంటున్నరు. పిలిపియ్యాల్నా?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆరు దేశాల ఒప్పందం సంగతీ, నాలుగో అధికరణం సంగతీ క్లాసులో చెప్పినట్టే చెప్పాను. రష్యా ఊరుకోదన్నాను. ఆయనకు అందులో అర్థమైంది సార్ భయం లేదన్నాడనేది ఒక్కటే. బిడ్డను అక్కడే ఉంచాడు.

ఒప్పందం కదలలేదు. నలభై నాలుగు రోజుల యుద్ధంలో ఆర్మేనియా ఓడిపోయింది. అజర్‌బైజాన్ వెనక టర్కీ ఉంది, చమురు డబ్బు ఉంది, ఇజ్రాయెల్ నుంచి కొన్న ఆయుధాలు ఉన్నాయి. మనిషి లేని విమానాలు వచ్చి కొండ మలుపుల్లో దాక్కున్న ఫిరంగులను ఏరి ఏరి కొట్టాయి. చివరికి రష్యా సంధి కుదిర్చి, కరబాఖ్‌లో ఆర్మేనియన్లకు మిగిలిన భాగంలో తన శాంతి సైనికులను పెట్టింది. ఆ నేల చట్టప్రకారం ఆర్మేనియాది కాదు కాబట్టి ఒప్పందం దానికి వర్తించదని అప్పుడు చదువుకున్నాను. నేను చేరిన కొత్తలో నరసయ్య సార్‌కు పాఠం చెప్పిన చట్టం అదే. నా జవాబులోకే అది రాలేదు.

తప్పు ఒప్పుకోవాల్సింది. ఒప్పుకోలేదు. బిక్షపతికి ఫోన్ చేసి జవాబును సరిదిద్దాను, అంతే. "గది కరబాఖ్ కోసం రారు. ఆర్మేనియా సొంత నేల మీద ఎవ్వడన్న కాలు పెడితె మాత్రం పక్కా వస్తరు. కావాల్నంటె రాసిస్త" అన్నాను.

రెండేళ్లకు సరిగ్గా అదే జరిగింది. శ్రావణి తన ఆర్మేనియన్ రూమ్మేట్‌తో కలిసి ఆ అమ్మాయి అమ్మమ్మ ఊరికి వెళ్లింది. సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఆర్మేనియా కొండ పట్నం అది. ఆ రోజుల్లోనే అజర్‌బైజాన్ సైన్యం సరిహద్దు పొడుగునా విరుచుకుపడింది. ఈసారి ఆర్మేనియా సొంత నేల మీదే.

పొద్దున నేను కాలేజీకి వెళ్లేసరికి బిక్షపతి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మొదటి బస్సుకు వచ్చాడట. ముందురోజు నుంచి బిడ్డ ఫోన్ కలవడం లేదు. టీవీలు తిప్పితే అన్నింట్లోనూ ఉక్రెయిన్ యుద్ధమే. ఈ యుద్ధం గురించి కింద పాకే అక్షరాల్లో కూడా లేదు. లోకంలో ఒక యుద్ధం జరుగుతూ కూడా ఎవరి కంటా పడకుండా ఉండగలదని నాకు ఆ రోజే తెలిసింది.

ఆయన నన్ను తిట్టలేదు. లేచి నిలబడి ఒక్కటే అడిగాడు.

"సార్, ఒప్పందపోళ్లు బయల్దేరిన్రా?"

నా సర్వీసులో నన్ను ఎవరూ అంత కష్టమైన ప్రశ్న అడగలేదు. "బయల్దేరుతరు" అన్నాను. అబద్ధమని నోట్లోంచి వస్తుండగానే తెలుసు.

ఒప్పందం వాళ్లు వచ్చారు, పంచనామాకు వచ్చినట్టు. చూసి, రాసుకుని వెళ్లారు. రష్యా ఉక్రెయిన్‌లో దిగబడి ఉంది. మిగతా సభ్యుల్లో కొందరికి అజర్‌బైజాన్‌తోనే దోస్తీ ఎక్కువ. నాలుగో అధికరణం కాగితం మీద చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం, ఆయన మళ్లీ వచ్చి అవే మెట్ల మీద కూర్చుని ఉండగా, శ్రావణి ఫోన్ కలిసింది. ఊరగాయ సీసాలు దాచుకునే నేలమాళిగలో పదిమందితో కూర్చుందట. దెబ్బలేమీ తగలలేదు. బిక్షపతి ఫోన్ పెట్టేసి మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు. నేను పక్కన నిలబడ్డాను. ఆయన భుజం మీద చెయ్యి వేసే అర్హత ఉందా లేదా తేల్చుకోలేకపోయాను.

ఎవ్వలు సర్దలేదా సార్

వారం రోజులకు ఆయన మళ్లీ వచ్చాడు. తిట్టడానికే వచ్చాడనుకుని సిద్ధపడి కూర్చున్నాను. ఆయన పటం చూపించమన్నాడు. ఈసారి నేను తెలిసినదంతా మొదటి నుంచి చెప్పాను. గుర్తు పెట్టుకోవడానికి కాదు, అర్థం చేసుకోవడానికి చెప్పాను. షియాలు ఎక్కువగా ఉన్న అజర్‌బైజాన్‌కు ఆయుధాలు అమ్మేది ఇజ్రాయెల్. షియాల ఇరాన్‌కు మంచి పొత్తు క్రైస్తవుల ఆర్మేనియాతో. పాకిస్తాన్ అజర్‌బైజాన్ పక్షం, మన దేశం ఆర్మేనియాకు ఆయుధాలు అమ్ముతుంది. రష్యా ఇద్దరికీ అమ్మింది. చెబుతుంటే నాకే విస్తుపోయినట్టయింది. మా నల్లగొండ జిల్లా కంటే పెద్దదేమీ కాని కొండల చుట్టూ ఇన్ని దేశాల చేతులు ఇన్ని రకాలుగా పెనవేసుకుని ఉన్నాయి. నేనేమో ఇన్నేళ్లూ ఆఫీసు ఏ నగరంలో ఉందో చెబుతూ వచ్చాను.

బిక్షపతి అంతా విని చుక్కల మీద వేలు పెట్టాడు.

"సోవియటోళ్లు గీ పోగులు ముందుగాల్నే కట్టి రంగుల ముంచిన్రన్నట్టు."

వాళ్లు నేసేది చిటికి పని. నూలు మగ్గం ఎక్కకముందే, పోగుల మీద లెక్కగా ముడులు కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు పట్టదు. బట్టలో పడే బొమ్మంతా ఆ ముడుల్లోనే తయారై ఉంటుంది.

"అంతే బిక్షపతీ. ముడి వాళ్లు కట్టిన్రు, వీళ్లు అనుభవిస్తున్రు" అన్నాను. మంచి ముగింపు దొరికిందని లోపల సంతోషం కూడా వేసింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అంతే కాదు సార్. చిటికి నూలు మగ్గం మీద జరుగుతది. పోగు గింత జరిగినా బొమ్మ చెదురుతది. గందుకే నేసేటోడు జానెడు జానెడుకు ఆగి పోగులు సర్దుకుంట పోతడు. నా బతుకంతా గదే పని. వీళ్లకు లడాయి ఆగి ముప్పై ఏండ్లున్నదంటిరి. గన్నేండ్లల్ల ఎవ్వలు సర్దలేదా సార్?"

మూడు దశాబ్దాల రాయబారాలనూ, సమావేశాలనూ, సంధి పత్రాలనూ నేను పుస్తకాల్లో చదివాను. గెలిచినవాడు గెలిచినప్పుడు ఇచ్చిపుచ్చుకోలేదు, ఓడినవాడు పగతో డబ్బు కూడబెట్టాడు, మధ్యవర్తులు కాఫీ తాగి వెళ్లారు. దీన్ని ఆయన ఒక్క ప్రశ్నలో పెట్టాడు. ఆ తర్వాత నేను క్లాసులో కూటముల పాఠం ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టేవాణ్ని. కొందరు పిల్లలు ఇది పరీక్షలో రాదు కదా సార్ అనేవారు. రాదు అనేవాణ్ని.

కోసిన పడుగు

ఆ చలికాలంలో ఆర్మేనియా నుంచి కరబాఖ్‌కు ఉన్న ఒక్క రోడ్డునూ అజర్‌బైజాన్ మూసేసింది. నెలల తరబడి పిండికీ మందులకూ కటకటలాడారు. రష్యా సైనికులు అక్కడే ఉన్నారు, చూస్తూ ఉన్నారు. మరుసటి ఏడాది వానాకాలం చివర్లో అజర్‌బైజాన్ దాడి చేసింది. ఒక్క రోజులో అంతా అయిపోయింది. లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు ఆ ఒక్క కొండ రోడ్డు మీద బళ్లలో, ట్రాక్టర్లలో, లారీల్లో బయలుదేరారు.

నాకు అప్పటికి బిక్షపతి ఇంటికి పోయిరావడం అలవాటైంది. వాళ్లు కొండ దిగుతున్న ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం కూడా అక్కడే ఉన్నాను. ఆయన మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. శ్రావణి వీడియో కాల్ చేసింది. కొండ దిగి వచ్చేవాళ్లను ఆదుకోవడానికి డాక్టరీ పిల్లలు కొందరు గోరిస్ అనే సరిహద్దు ఊరికి వెళ్లారు, ఆమె కూడా వాళ్లతో ఉంది. మొహం పీక్కుపోయింది. ముసలివాళ్ల బీపీలు చూడటమే పనట.

"నాయినా, ఈ అవ్వను చూడు. చెయ్యి చూపియ్యమంటే చూపిస్తలేదు. గిది ఒళ్లెకెల్లి దించుతలేదు" అని ఫోన్ తిప్పింది.

బెంచీ మీద నల్ల రుమాలు కట్టుకున్న ముసలమ్మ. ఒళ్లో ఎర్రటి తివాచీ ముక్క. సగమే నేసి ఉంది. ఒక కొసన పోగులు కుచ్చులు కుచ్చులుగా వేలాడుతున్నాయి.

బిక్షపతి ఫోన్‌ను కళ్ల దగ్గరికి లాక్కున్నాడు. "పడుగు కోసిందా?" అన్నాడు. "సగం పనిల పడుగు కోసి తెచ్చిందా, బిడ్డా?"

వాళ్ల కులంలో సగం నేతలో పడుగు, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించిన పోగులు, కోయరు. ఇంట్లో చావైనా మగ్గం మీద బట్ట అలాగే ఉండి, పని ముగిశాకే దిగుతుంది. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"బిడ్డా, గా కొసలు గట్లనే ఉంటె నేసిందంత జారిపోతది. నాలుగు పోగులు కలిపి ఒక ముడి ఎయ్యమను. కొంగు ముడి లెక్క. అంచుకు ఆనించి ఎయ్యాలె" అని ఆయన గుంతలోంచి లేచి, తన మగ్గం పక్కన ఉన్న తెగిన నూలు తీసుకుని కెమెరా ముందు ముడి వేసి చూపించాడు.

శ్రావణి తనకు వచ్చిన ఆర్మేనియన్‌లో ఏదో చెప్పబోయింది. అవసరం లేకపోయింది. ముసలమ్మ అప్పటికే ఫోన్‌లో ఆయన వేళ్లనే చూస్తోంది. నాలుగు పోగులు కలిపింది, ముడి వేసింది, పైకెత్తి చూపించింది. ఈయన తల ఊపాడు. ఆమె రెండో ముడి వేసింది. కొస నుంచి కొస దాకా అలా వేస్తూనే ఉంది, ఈయన అలా చూస్తూనే ఉన్నాడు. ఆరు దేశాలు సంతకాలు పెట్టిన ఒప్పందం ఆ ముసలమ్మ దాకా రాలేదు. మర్రిగూడ మగ్గం వెళ్లింది. అంత గొప్ప సంగతిని నేను మళ్లీ చూడలేదు, చూస్తానని కూడా అనుకోను.

చివరి ముడి అయ్యాక ఆమె తివాచీ చుట్టి పక్కన పెట్టి, బీపీ చూడటానికి చెయ్యి చాపింది.

ఫోన్ పెట్టేశాక బిక్షపతి అడిగాడు. "ఆ అవ్వ ఇంట్ల ఇగ ఎవ్వరుంటరు సార్?"

"తెల్వదు. చుట్టుపక్కల ఊర్లకైతే ఎనుకట తరిమేస్తె పోయిన అజర్‌బైజానీలు తిరిగొస్తున్నరట."

ఆయన తెగిన నూలును వేలికి చుట్టుకుంటూ ఆలోచించాడు. "వాళ్లు గుడ గప్పుడు పడుగు కోసుకోని పోయుంటరు" అన్నాడు.

ఒక పక్షమే చూసి కన్నీళ్లు పెట్టుకుంటున్న నాకు ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. సారును నేను, కానీ ఆ మాట అన్నది ఆయన.

మూడోసారి

కొద్ది రోజులకే బిక్షపతి కాలేజీకి వచ్చాడు. నా రిటైర్మెంటుకు ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. అజర్‌బైజాన్ ఇప్పుడు ఆర్మేనియా దక్షిణ భాగంలోంచి దారి అడుగుతోందనీ, మళ్లీ యుద్ధం రావచ్చనీ ఎవరో చెప్పారట. శ్రావణికి ఇంకా రెండేళ్ల చదువు ఉంది.

"సార్, బిడ్డను ఉంచాల్నా, పిలిపియ్యాల్నా?"

అదే ప్రశ్న. ఈసారి పటం ముందు. రెండుసార్లు నా మాట విని రెండుసార్లూ మోసపోయిన మనిషి మూడోసారి నా దగ్గరికే వచ్చాడు. నా బుర్రలో జవాబులు వరస కట్టాయి. కొత్త సంధి వస్తుందని చెప్పొచ్చు, ఐరోపా పరిశీలకులు ఉన్నారని చెప్పొచ్చు, ఇరాన్ ఒప్పుకోదని చెప్పొచ్చు. అన్నీ నిజాలే. ఏ ఒక్కటీ ఆయన బిడ్డకు కాపలా కాదు. గోడ మీద నరసయ్య సార్ పెట్టిన చుక్కలు వెలిసిపోయి, ఇంకా కనిపిస్తున్నాయి.

"నాకు తెల్వదు బిక్షపతీ" అన్నాను. "తెలిసినంత వరకు అంతా చెప్త. ఏమైతదో మాత్రం నాకు తెల్వదు. గప్పుడు గుడ తెల్వదు. తెలిసినట్టు చెప్పిన. తప్పయింది."

ఆయన నా మొహంలోకి చూశాడు. కోపమేమీ లేదు. జేబులోంచి ఫోన్ తీసి, "అయితె దాన్నే అడుగుదాం" అని కలిపి స్పీకర్ ఆన్ చేశాడు.

"నాయినా, సార్ కాడ ఉన్నవా?" శ్రావణి గొంతు. "ఏమంటుండు సార్? ఈసారి ఎవ్వలొస్తరంటుండు మమ్ముల కాపాడనీకి?"

"తెల్వదంటుండు బిడ్డా."

అవతల ఆ పిల్ల నవ్వింది. నేలమాళిగలో కూర్చుని వచ్చిన పిల్ల, మనసారా నవ్వింది.

"సార్ తెల్వదన్నడా! అయితే ఇప్పుడు సార్ మాట ఇనొచ్చు నాయినా. ఫోన్ సార్‌కియ్యి, అడిగేటియి మస్తున్నయి."